మంచెల మీదికి పాటలు పంపిన ఆర్విల్లా

కార్విన్ అటవీ కార్యాలయంలో ఆర్విల్లా స్ట్రౌడ్ ఇరవై రెండేళ్లు సామాన్ల గది చూసింది. దుప్పట్లు, గొడ్డళ్లు, కిరసనాయిలు, రేడియో బ్యాటరీలు, డబ్బాల్లో ఉడికించిన చిక్కుడు గింజలు ఎవరికేం కావాలో చూసి మూటలు కట్టించడం ఆమె ఉద్యోగం. ఆ మూటల్ని కంచరగాడిదల మీద వేసుకుని కొండలెక్కడం నా ఉద్యోగం. నా పేరు డెల్ ప్రూయిట్.

మా అడవిలో అప్పట్లో తొమ్మిది మంచెలుండేవి. కొండ కొమ్మున, నాలుగు వైపులా అద్దాలతో, మంచమూ పొయ్యీ పట్టేంత చిన్న గది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక్కో మంచెలో ఒక్కో మనిషి కూచుని ఎక్కడ పొగ లేస్తుందో చూస్తూ, కనిపించగానే రేడియోలో కిందికి చెప్పాలి. పదిహేను రోజులకోసారి నేనూ, నా ఆరు గాడిదలూ తప్ప వాళ్లకి మరో ముఖం కనిపించేది కాదు.

డెబ్బై రెండులో టోబిన్ అనే బడిపంతులు జులై సగంలోనే మంచె దిగి వచ్చేశాడు. దుప్పట్లు అప్పజెప్పడానికి సామాన్ల గదికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"ఒక్కడివే ఉండలేకపోయావా?" అని అడిగింది ఆర్విల్లా.

"ఒంటరితనం నాకు అలవాటే మేడమ్. ఒక పాట పట్టుకుంది. దాంట్లో రెండు చరణాలే వచ్చు నాకు. పందొమ్మిది రోజులుగా ఆ రెండే తిరుగుతున్నాయి బుర్రలో. మూడోది వచ్చుంటే ఉండిపోయేవాణ్ణి."

"ఏదీ, పాడు."

పాడాడు. ఆ పాట ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. టోబిన్ ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆర్విల్లా మాత్రం ఆ మాట మరిచిపోలేదు. శనివారం భర్త క్లైడ్‌ని బతిమాలి పట్నం వెళ్లి రెండు క్యాసెట్ రికార్డర్లు కొనుక్కొచ్చింది. ఆగస్టు మొదటి వారంలో నేను కొండెక్కబోతుంటే పిండి సంచి పక్కన ఒక అట్టపెట్టె కట్టింది.

"ఏమిటిది?"

"పాటలు. తడవనీయకు."

ఆర్విల్లాకి సంగీతం రాదు. ఆమె పుట్టింది వాద్యాలు పాపమని నమ్మే చర్చి కుటుంబంలో. అక్కడ నోటితో పాడడమే, చేత్తో ఏదీ వాయించకూడదు. పదిహేడో ఏట, గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ల విందులో మొదటిసారి అకార్డియన్ విన్నానని, వినగానే కడుపులో నొప్పి వచ్చిందేమో అనుకున్నానని చెప్పేది. క్లైడ్ దుంగల లారీ తోలేవాడు. ఇంజను మోతకి చెవులు సగం పోయాయి. ఆయన లెక్కలో పాటంటే వాతావరణ వార్తలకి ముందు వచ్చేది.

ఒక్కో మంచెకీ ఒక్కో పాత రికార్డర్ సంపాదించి పంపింది. టేపుల కోసం ఊరంతా తిరిగింది. పళ్ల డాక్టరు దగ్గర రికార్డులు అరువు తెచ్చింది. జిల్లా గ్రంథాలయం నుంచి పోస్టులో తెప్పించింది. ఆదివారం మధ్యాహ్నం రేడియో ముందు మైకు పట్టుకుని కూచునేది. అదీ చాలక రికార్డర్ భుజాన వేసుకుని ఎవరు వాయిస్తారంటే వాళ్లింటికి వెళ్లేది. ఎక్కడికి వెళ్లినా ముందు అందర్నీ నోరు మూసుకోమనేది. కుక్కని బయట కట్టించేది. ఒకసారి మా ఇంట్లో గోడ గడియారం కూడా ఆపించింది. అది మళ్లీ సరిగ్గా నడవలేదు.

జూన్ మొదటి వారంలో మంచె కాపరులందరూ శిక్షణకి వచ్చేవారు. దుప్పట్లు ఇస్తూ ఒక్కొక్కరినీ నిలబెట్టి ప్రశ్నలడిగేది. గిన్నెలు కడిగేటప్పుడు ఏం పాడుకుంటావు? ఏ పాట రాగానే రేడియో కట్టేస్తావు? మీ ఇంట్లో ఎవరు పాడేవాళ్లు? జవాబులు పెన్సిల్‌తో ఒక అట్టముక్క మీద రాసుకునేది. ఏ పాటలిష్టమని మాత్రం ఎవర్నీ అడగలేదు.

"ఇష్టమేదని అడిగితే అబద్ధం చెప్తారు డెల్. వరసలో వెనకవాడు వింటున్నాడని గొప్ప పేర్లు చెప్తారు. ఏది రాగానే కట్టేస్తారో అడిగితే నిజం చెప్తారు."

ఆమెకి వేసవి అంతా ఒకటి కాదు. జూన్‌లో కొండ మీద ఇంకా మంచుంటుంది, కట్టెలు కొట్టుకోవాలి, కిటికీలు తుడుచుకోవాలి. అందుకని హుషారైనవి పంపేది. జులైలో మాటల్లేని పొడుగాటి వాయిద్యాలు, మెల్లగా సాగేవి. ఆగస్టుకి వాళ్లు తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెడతారు కాబట్టి మనుషుల గొంతులు. సెప్టెంబరులో గంతులేసేవి. ప్రతి క్యాసెట్ మీదా చిన్న చీటీ అంటించేది. "ఇది పొద్దున్నే పెట్టొద్దు." "ఇది వానొచ్చిన రోజుకి." "ఇది నచ్చదు. రెండోసారి విని రాయి."

కొందరు విన్నారు, కొందరు వినలేదు. ఒకాయన రెండేళ్లు వరుసగా పెట్టె విప్పకుండానే తిప్పి పంపాడు. ఆర్విల్లా ఏమీ అనుకోలేదు. మూడో ఏడు కూడా పంపింది.

ఎనభై రెండులో గుర్రపుమెడ కొండ మీదికి నోరా టీగ్ అనే అమ్మాయి వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. లోయలో పెళ్లిళ్లకీ, నాట్యాలకీ ఫిడేలు వాయించేది. సొంతంగా రాగాలు కట్టేదట గానీ రెండేళ్లుగా ఒక్కటీ పుట్టలేదు. కొండ మీద కూచుంటే పుడుతుందని వచ్చింది.

"నాలో ఏదైనా కొత్తది మొలిచేలాంటివి పంపండి మేడమ్," అని అడిగింది ఆర్విల్లాని.

"అలాంటివి మా సామాన్ల గదిలో లేవు. గొడ్డళ్లున్నాయి."

జులై మొదటి పెట్టెలో నోరాకి ఒకే ఒక్క క్యాసెట్ పంపింది. అందులో పశువుల సంతలో గబగబా ధరలు పలుకుతూ వేలం వేసే మనిషి గొంతు తప్ప మరేమీ లేదు. గంటన్నర సేపు దూడల ధరలు. నేను మళ్లీ వెళ్లినప్పుడు నోరా క్యాసెట్ నా చేతిలో పెట్టింది.

"డెల్, ఆవిడకి మతి ఉందా? పాటలడిగితే సంత పంపింది."

"ఆవిడకి పెట్టెలు మారిపోవు."

"అయితే నన్ను ఆటపట్టిస్తోంది."

తెచ్చి ఇచ్చాను. ఆర్విల్లా కొత్త చీటీ అంటించి అదే క్యాసెట్ మళ్లీ మూటలో పెట్టింది. చీటీ నేను చదివాను. "నువ్వు ధరలు వింటున్నావు. అతను ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో విను."

ఆగస్టు చివర నోరా తలుపు దగ్గర నిలబడి నాకో రాగం వినిపించింది. ఉరుకులు పరుగుల మీద సాగి, ఉన్నట్టుండి కమాను గాలిలో ఆగి, మళ్లీ అందుకునేది. సెప్టెంబరులో ఊరి హాల్లో నాట్యం పెట్టినప్పుడు అదే వాయించింది. ఆర్విల్లా గోడ పక్క కుర్చీలో కూచుని చివరిదాకా విన్నది.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"కొంచెం పొడుగు," అంది.

క్లైడ్ మాత్రం లేచి గంతులేశాడు. ఆయన నాట్యం చెయ్యడం అంతకుముందు ఎవరూ చూడలేదు. "ఇది పాటలా లేదు, సంతలా ఉంది, అందుకే కాళ్లు ఆడాయి," అన్నాడు. ఆ రాగం మా లోయలో ఇప్పటికీ వాయిస్తారు.

ఎనభై నాలుగులో కుంటి ఎలుగు కొండకి హార్లన్ వీచ్ వచ్చాడు. అరవై దాటినవాడు. ఆయనది నది వెంట అరవై మైళ్లు దిగువనున్న ఊరు. జీవితమంతా రంపపు మిల్లులో రంపాల పళ్లు సానబెట్టాడు. మిల్లు మూతపడింది. జూన్‌లో ఆర్విల్లా దుప్పట్లు ఇస్తూ తన ప్రశ్నలడిగింది. ఆయన మాట పొదుపు మనిషి.

"మీ ఇంట్లో ఎవరు పాడేవాళ్లు?"

"ఎవరూ పాడరు మేడమ్. ఇంట్లో నేనొక్కణ్ణే."

"గిన్నెలు కడిగేటప్పుడు?"

"ఒకటే గిన్నె."

అట్టముక్క మీద ఆమె ఏం రాసిందో తెలియదు. జులై రెండో పెట్టెలో ఆయనకి అకార్డియన్ పంపింది. ఎనిమిదేళ్ల కిందట ఒక శీతాకాలం మా ఊరి పూటకూళ్ల ఇంట్లో తనే రికార్డు చేసినది. ఆ ఇంట్లో దిగేవాళ్లంతా స్పెయిన్ కొండల నుంచి వచ్చిన బాస్క్ జాతి గొర్రెల కాపరులు. వాళ్లలో ఫెర్మిన్ అనే ముసలాయన వంటగది బల్ల దగ్గర కూచుని వాయించేవాడు. అది ఆమె చేసిన వాటిలో మంచిదని అందరం అనేవాళ్లం.

ఆ పెట్టె నేను కుంటి ఎలుగు మీద దించి వచ్చిన మూడో రోజు సామాన్ల గదిలో కూచుని జీను పటకాలు కుట్టుకుంటున్నాను. ముందు రోజు సాయంత్రం కొండల మీద ఉరిమింది గానీ వాన పడలేదు. ఉదయం తొమ్మిదింటి పిలుపుకి ఎనిమిది మంచెలు పలికాయి. కుంటి ఎలుగు పలకలేదు. పిడుగులకి రేడియో బ్యాటరీ పోయి ఉంటుందన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి హార్లన్ వీచ్ గుమ్మంలోకి వచ్చాడు. నెత్తిన టోపీ లేదు. మోకాళ్ల దాకా దుమ్ము. పదకొండు మైళ్లు నడిచి దిగాడు.

ఆర్విల్లా ఆయన్ని చూసి, "మీరు కొండ మీద ఉండాలి కదా," అంది.

ఆయన చొక్కా లోపలి నుంచి టేప్ రికార్డర్ తీసి బల్ల మీద పెట్టాడు. ఎక్కడ కావాలో అక్కడికి ముందే తిప్పి ఉంచుకున్నాడు. మీట నొక్కాడు. అకార్డియన్ సాగుతోంది. కాసేపటికి దాని వెనక, దూరంగా, ఒక ఆడగొంతు వినిపించింది. "ఫెర్మిన్, ఆ బూట్లు బయట విప్పి రా. ఇప్పుడే తుడిచాను." తర్వాత మళ్లీ అకార్డియన్ ఒక్కటే.

ఆయన ఆపాడు.

"ఎవరిదీ గొంతు?"

"వంటావిడ. ఆ శీతాకాలం నాలుగు నెలలుంది, వాళ్ల పిన్నికి సాయంగా వచ్చింది. నేనెంత చెప్పినా ఊరుకోలేదు. ఆ ముక్క తీసేస్తే రాగం తెగుతుందని వదిలేశాను," అంది ఆర్విల్లా. "పేరు మాత్రం గుర్తు లేదు."

"గ్రాషీ," అన్నాడు హార్లన్. "నా భార్య. పోయిన మార్చిలో పోయింది."

ఆర్విల్లా బల్ల మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నాకు తెలీదండీ."

"మీకెలా తెలుస్తుంది? నేను చెప్పలేదుగా." ఆయన రికార్డర్ వైపే చూస్తున్నాడు. "నిన్న సాయంత్రం చిక్కుళ్లు వేడి చేసుకుంటూ పెట్టాను. ముందు నా మతి పోయిందనుకున్నాను. ఆరుసార్లు విన్నాను. మతి పోతే ఆరుసార్లూ ఒకేలా అనదు కదా. ఇంకా ఉందా?"

"ఏమిటి?"

"ఆవిడ మాట. ఇంకెక్కడైనా పడిందా?"

"తెలీదు. నేనెప్పుడూ పాటే విన్నాను. దాని పక్కన ఏముందో వినలేదు." తర్వాత అడిగింది, "ఏమైనా తిన్నారా?"

తినలేదు. తను తెచ్చుకున్న రొట్టె, చల్లారిన మాంసం ఆయన ముందు పెట్టింది. ఆయన సగం తిని ఉంటాడు. గోడ మీది రేడియోలో, ఆ ఏడాదీ గుర్రపుమెడ మీదున్న నోరా గొంతు పలికింది. కుంటి ఎలుగుకి ఉత్తరాన వాలు మీద పొగ. ఇటు నుంచి కనిపించేసరికే చాలా ఎత్తు లేచింది. ఎప్పటి నుంచి రగులుతోందో చెప్పలేనంది.

హార్లన్ లేచి నిలబడ్డాడు. "అది నా వైపు," అన్నాడు.

నలభై ఎకరాలు కాలింది. మనుషులకేం కాలేదు. ఆర్పడానికి మూడు రోజులు పట్టింది. ఆయన మంచె మీద ఉండి ఉంటే పొద్దున్నే చూసేవాడు, ఇద్దరు మనుషులు పారలతో ఆర్పేసేవారు. ఆ మాట ఆయనే అధికారి ముందు అన్నాడు. ఉద్యోగం పోయింది. తన సంచి సర్దుకుని దిగువ ఊరికి వెళ్లిపోయాడు. ఆ క్యాసెట్ తీసుకెళ్లొచ్చా అని ఆర్విల్లాని అడిగి తీసుకెళ్లాడు. అది నకలే, అసలుది ఆమె ఇంట్లో ఉంది.

మా అధికారి లండ్ చెడ్డవాడు కాదు. సామాన్ల గదికి తనే నడిచి వచ్చాడు.

"ఆర్విల్లా, తప్పు మీదని నేననను. కానీ ఇకపై మంచెల మీదికి టేపులు వెళ్లకూడదు. అక్కడున్నవాళ్లు కళ్లతో పని చెయ్యాలి."

"సరే," అంది ఆమె.

ఆయన వెళ్లాక నేను దాణా సంచుల్లో దాచి పట్టుకెళ్తానన్నాను. గాడిదల మేత ఎవరు వెతుకుతారు?

"వద్దన్నాడుగా డెల్."

"ఆయనకి తెలిస్తేగా?"

"నాకు తెలుస్తుంది. జీను కుట్టుకో."

ఆ శీతాకాలం ఆమె ఇంటి వంటగదిలో రోజూ సాయంత్రం టేపులు పెట్టుకుని కూచుంది. మూడొందల పన్నెండు. ఇంజను మోత తప్ప ఏదీ వినిపించని క్లైడ్ బల్లకి అటువైపు పేకాట ఆడుకునేవాడు. ఒకరోజు నేను వెళ్లేసరికి, "మా ఆవిడ ఇప్పుడు పాటలు వినడం మానేసింది, పాటల వెనక దాక్కున్నవాళ్లని పడుతోంది," అన్నాడు.

అది నిజమే. పూటకూళ్ల ఇంట్లో ఫెర్మిన్ వాయించిన ఆ రోజు మూడు క్యాసెట్లు నింపింది. వాటిలో గ్రాషీ ఇంకో మూడు చోట్ల దొరికింది. ఒక చోట నవ్వు. ఒక చోట మూకుడు కింద పడిన చప్పుడు, వెంటనే బాస్క్ భాషలో ఒక తిట్టు. ఇంకో చోట ఫెర్మిన్ వాయిస్తుంటే అతనికి అర అడుగు వెనకగా కూనిరాగం. అన్నీ కలిపినా నిమిషం లేదు. గ్రాషీవే కాదు, మిగతా టేపుల్లోనూ ఎన్నో ఉన్నాయి. పళ్ల డాక్టరు పెద్ద కూతురు, ఇప్పుడు నలుగురు పిల్లల తల్లి, తలుపవతల నుంచి నీళ్లడుగుతోంది. చచ్చిపోయిన మా కుక్క గొలుసు ఈడుస్తోంది.

"పన్నెండేళ్లు అందర్నీ నోరు మూసుకోమన్నాను," అంది ఆర్విల్లా నాతో.

ఫిబ్రవరిలో రోడ్లు కాస్త తెరుచుకున్నాక క్లైడ్ బండిలో ముగ్గురం హార్లన్ ఊరు వెళ్లాం. నదికి ఆనుకున్న చిన్న ఇల్లు. లోపల వేడిగా, శుభ్రంగా ఉంది. ఆయన కాఫీ పెట్టాడు. ఆర్విల్లా సంచిలోంచి ఒక క్యాసెట్ తీసింది. నాలుగు ముక్కల్నీ ఒకదాని వెంట ఒకటి నకలు తీసి తెచ్చింది. బూట్లు విప్పమన్న మాట, నవ్వు, తిట్టు, కూనిరాగం. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తిట్టు దగ్గర పెదవి కదిలింది.

"ఏమీ అనుకోకండి మేడమ్," అన్నాడు అయిపోయాక. "ఇలా వద్దు. ఒకటి అయ్యీ అవకముందే ఇంకోటి, ఆవిణ్ణి తొందరపెడుతున్నట్టుంది. పాటల్లో ఎక్కడున్నవి అక్కడే ఉండనివ్వండి. నేను కూచుని ఎదురు చూస్తాను."

"ఒక్కోదానికి పావుగంట ఎదురు చూడాలి."

"నాకేం పనుంది?"

ఆర్విల్లా తలూపింది. అసలు క్యాసెట్లు కూడా తెచ్చింది ఆమె, అడుగుతాడని కాదు, పెట్టెతో సహా వచ్చేశాయి. అవి ఆయనకే ఇచ్చేసింది. నకలు కూడా ఉంచుకోలేదు. మేం లేవబోతుంటే హార్లన్, "కత్తులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. క్లైడ్ జేబులోని చాకు, నా దగ్గరున్న డెక్కలు చెక్కే కత్తి తీసుకుని కిటికీ దగ్గర కూచుని సానబట్టాడు. ఆ కత్తికి అలాంటి పదును మళ్లీ ఎవరూ పెట్టలేదు.

ఎనభై అయిదు వేసవికి టేపులు లేవు. ఆర్విల్లా జూన్‌లో దుప్పట్లు ఇస్తూ ప్రశ్నలు మాత్రం అడిగింది, జవాబులు రాసుకుంది. ఎందుకని అడిగితే, "రాకుండా పోతుందా ఇంకో ఏడాది," అంది. ఆ ఏడాది ఇద్దరు సగంలో దిగిపోయారు. టేపులు లేకనే దిగిపోయారని నేను చెప్పలేను. నోరాకి ఫిడేలుంది కాబట్టి ఆమెకి లోటు తెలియలేదు.

ఎనభై ఆరు వసంతంలో లండ్‌ని దక్షిణానికి బదిలీ చేశారు. ఆయన చోట మార్లిస్ కెటరింగ్ అనే ఆవిడ వచ్చింది. పూర్వం తనూ మూడు వేసవులు మంచె మీద కూచున్న మనిషి. వచ్చిన రెండో రోజు సామాన్ల గది చూడడానికి వచ్చి పెట్టెల మీద చెయ్యి వేసింది.

"ఇవేమిటి?"

ఆర్విల్లా అంతా చెప్పింది, కాలిన నలభై ఎకరాలతో సహా. ఏదీ దాచలేదు.

"రేడియోలో చెప్పకుండా ఎవరూ కిందికి దిగకూడదు. అంతవరకే నా షరతు," అంది కెటరింగ్. "నేనక్కడున్నప్పుడు చిక్కుళ్ల డబ్బా మీది అక్షరాలు పైకి చదువుకునేదాన్ని, మనిషి గొంతు వినడానికి."

అలా టేపులు మళ్లీ కొండెక్కాయి. కానీ అవి పాత టేపులు కావు. ఆర్విల్లా ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా కుక్కని కట్టెయ్యమనడం మానేసింది. రికార్డర్ బల్ల మీద పెట్టి, "మీ పని మీరు చేసుకోండి," అనేది. పూటకూళ్ల ఇంట్లో శుక్రవారం రాత్రి భోజనం పూర్తిగా రికార్డు చేసింది, గిన్నెలు కడగడంతో సహా. ఫెర్మిన్ అప్పటికి లేడు. అతని మేనల్లుడు వాయించాడు, ఓ మాదిరిగా. క్షౌరశాలలో ఒక శనివారం, బడి పిల్లలు పాట నేర్చుకుంటూ పదకొండుసార్లు తప్పడం, వానలో క్లైడ్ లారీకి గొలుసులు బిగిస్తూ సణగడం కూడా పట్టింది. ఆగస్టు పెట్టెల్లో ఇవే ఎక్కువ వెళ్లేవి. మంచెల మీద నుంచి చీటీలు వచ్చేవి. "ఆ తలుపు చప్పుడున్నది మళ్లీ పంపండి." "ఆ తప్పులు పాడే పిల్లలు చివరికి నేర్చుకున్నారా?" ఒక వడ్రంగి మాత్రం, పాటలు లేకపోతే బ్యాటరీలు దండగ అని రాశాడు. అతనికి గంతులేసేవే పంపింది.

అప్పటి నుంచి హార్లన్ ఏటా ఒకసారి, జూన్‌లో, బస్సులో వచ్చి అటవీ కార్యాలయం రంపాలన్నీ సానబెట్టి వెళ్లేవాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. ఆర్విల్లా ఇంట్లో భోజనం చేసేవాడు. టేపుల సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు. క్లైడ్‌తో పేకాట ఆడేవాడు, ఎప్పుడూ ఓడేవాడు. తొంభై మూడు జూన్‌లో రాలేదు. జులైలో ఆయన చెల్లెలు ఉత్తరం రాసింది.

తొంభై నాలుగు నాటికి మంచెలు రెండే మిగిలాయి. పొగలు చూడడానికి విమానాలు వచ్చాయి. ఆర్విల్లా ఆ సెప్టెంబరులో పని మానేసింది. మానేసే ముందు వారం నాతో, "నన్నొకసారి పైకి తీసుకెళ్లు," అంది. ఇరవై రెండేళ్లలో ఆమె ఒక్క మంచె కూడా చూడలేదు. తుంటి నొప్పి మనిషి. మెత్తటి నడక గాడిద మీద కూచోబెట్టి గుర్రపుమెడ ఎక్కించాను. అది మూసేసిన మంచె. తాళం తీసి కిటికీ తలుపులు ఎత్తాను. ఆమె మంచం మీద కూచుని రొట్టె తిన్నది. గాలి అద్దాల్ని కొడుతూనే ఉంది, పైకప్పు రేకులు మోగుతున్నాయి.

"ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" అని అడిగింది.

"జులైలో ఇంకా ఎక్కువ."

ఆమె నమలడం ఆపింది. "అయితే నేను పంపిన మెల్లటివన్నీ వీళ్లకి వినపడి ఉండవు."

"కొన్ని వినపడి ఉంటాయి."

"ఎవరూ చెప్పలేదే."

"అడిగింది కట్టేసే పాటల గురించే కదా మీరు."

ఆమె మిగతా రొట్టె తినేసింది. దిగేటప్పుడు నది దగ్గర గాడిదలకి నీళ్లు పెడుతుంటే, కొండ మీదికి మెల్లటివి కాదు, బాకాలు పంపాల్సింది అంది.

ఆ తర్వాత పదేళ్లు బతికింది. క్లైడ్ ఆమె కంటే ముందు పోయాడు. పెట్టెలన్నీ ఆమె మేనకోడలు పట్నంలోని వృద్ధాశ్రమానికి ఇచ్చింది. అక్కడ వినడానికి ఎవరూ అంతగా ఉబలాటపడలేదట. వంటవాళ్లు మాత్రం ఒక పెట్టె తీసుకెళ్లి వంటగదిలో పెట్టుకున్నారు. ఎండాకాలం కిటికీలు తెరిచి ఉంటాయి, నేను వారానికోసారి అక్కడుంటున్న మా అన్నని చూడడానికి వెళ్లినప్పుడు వినిపిస్తుంది. ఏది టేపులోని గిన్నెల చప్పుడో, ఏది వాళ్ల గిన్నెల చప్పుడో బయట నుంచి చెప్పడం కష్టం.